దాచినా ముప్పే... హడలిపోయినా ముప్పే!

2023 డిసెంబరు 22. అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని, మర్నాడు చడీచప్పుడు లేకుండా ఇంటికెళ్లిపోయారు. కొత్త సంవత్సరం రోజున నొప్పి తట్టుకోలేక మళ్లీ ఆసుపత్రిలో చేరారు. ఐసీయూ దాకా వెళ్లారు. లక్షలాది సైనికుల బాగోగులు చూసే మనిషి మంచాన పడ్డాడని శ్వేతసౌధానికి తెలిసింది జనవరి 4న. జబ్బేమిటో సాక్షాత్తూ అధ్యక్షుడికి తెలిసింది 9వ తేదీన. అది ప్రోస్టేట్ కేన్సర్. ఫిబ్రవరి 1న ఆస్టిన్ విలేకరుల ముందుకొచ్చి అధ్యక్షుడికి చెప్పకపోవడం తప్పేనన్నారు, క్షమించమన్నారు. రోగం సంగతి తెలియగానే తనకు మొదట తోచింది దాన్ని గుట్టుగా ఉంచుకోవడమేనని ఒప్పుకున్నారు.

ఆయనకంటే నాలుగు దశాబ్దాల ముందు ఫ్రాన్స్ అధ్యక్షుడు ఫ్రాంస్వా మిత్తెరాన్ ఇంకా పెద్ద గుట్టు దాచారు. 1981 మేలో ఎన్నికయ్యారు. అదే ఏడాది నవంబరులో ప్రోస్టేట్ కేన్సర్ ఉందని, అప్పటికే ఎముకలకు పాకిందని తేలింది. ఆరు నెలలకోసారి ఆరోగ్య నివేదికలు వెలువడుతూనే ఉన్నాయి, వాటిలో కేన్సర్ ఊసే ఉండేది కాదు. దేశానికి అసలు సంగతి తెలిసింది 1992లో.

అంతటివాళ్లే దాచుకున్నారు. ఇక మన ఇళ్లలో చెప్పేదేముంది! రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నా, మూత్రం బొట్లు బొట్లుగా వస్తున్నా ‘షుగరేమో’, ‘వయసు మీద పడింది కదా’ అనుకుంటూ ఏళ్లు నెట్టేస్తారు. భార్యకు చెప్పడానికి మొహమాటం, కొడుక్కి చెప్పడానికి బిడియం, కోడలు వినే చోట ఆ మాటెత్తడానికి సిగ్గు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతోనో, నడుం నొప్పికి రాసుకునే తైలంతోనో కాలం గడిచిపోతుంది. చివరికి ఏదో ఒకరోజు కాళ్లు పట్టు తప్పాక పెద్దాసుపత్రికి తీసుకెళితే వెన్నెముక నిండా కేన్సరే కనిపిస్తుంది.

నాణేనికి రెండో వైపు నగరాల్లో ఉంది. మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగా ఎవరూ అడక్కుండానే పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష చేసేస్తారు. రిపోర్టులో ఆ అంకె పక్కన నల్లటి అక్షరాల్లో ‘ఎక్కువ’ అని ఉంటుంది. ఆ రాత్రి నుంచి ఇంట్లో నిద్ర కరవు. వారం తిరక్కుండా బయాప్సీ, మరో రెండు వారాల్లో ఆపరేషన్. నిజానికి ఆ మనిషికి ఆ ఆపరేషన్ అవసరమే ఉండకపోవచ్చు. ఆ కేన్సర్ జీవితాంతం ఆయన జోలికి వచ్చేదే కాకపోవచ్చు.

మగవారికొచ్చే మరే కేన్సర్‌లోనూ ఇంత చిత్రమైన పరిస్థితి లేదు. ఆలస్యమూ చేటే, అనవసరమైన హడావుడీ చేటే. 2022లో ప్రపంచవ్యాప్తంగా 14.7 లక్షల మందికి ప్రోస్టేట్ కేన్సర్ కొత్తగా బయటపడింది, దాదాపు నాలుగు లక్షల మందిని పొట్టనపెట్టుకుంది. మన దేశంలో ఆ ఏడాది కొత్త కేసులు 38 వేల దాకా ఉన్నాయని అంచనా. 2020లో 14 లక్షలున్న వార్షిక కేసులు 2040 నాటికి 29 లక్షలవుతాయని లాన్సెట్ కమిషన్ 2024లో హెచ్చరించింది. కారణం సాదాసీదాదే. మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు, ఇది వయసుతో పాటు వచ్చే జబ్బు. ఆయుర్దాయం పెరుగుతున్న తెలుగు నేలకూ ఆ లెక్క వర్తిస్తుంది.

వాపు వేరు, కేన్సర్ వేరు

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. యవ్వనంలో పెద్ద ఉసిరికాయంత. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని తయారుచేయడం దాని పని. నలభై దాటాక అది నెమ్మదిగా పెరగడం మొదలుపెడుతుంది. ఆ పెరుగుదల మూత్రనాళాన్ని ఆనుకుని ఉన్న లోపలి భాగంలో జరుగుతుంది కాబట్టి నాళం నొక్కుకుపోయి మూత్రం సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది, పోసినా ఇంకా మిగిలిందనిపిస్తుంది. ఈ వాపు కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారదు కూడా. అరవై దాటిన మగవాళ్లలో సగం మందికి పైగా ఎంతో కొంత ఉండేదే.

కేన్సర్ సాధారణంగా మొదలయ్యేది గ్రంథి వెలుపలి అంచుల్లో. మూత్రనాళానికి దూరంగా ఉంటుంది కాబట్టి తొలిదశలో ఏ ఇబ్బందీ కలిగించదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మూత్రం ఇబ్బందితో డాక్టర్ దగ్గరికి పరిగెత్తేవారిలో చాలామందికి ఉన్నది మామూలు వాపు. ఏ ఇబ్బందీ లేదని నిశ్చింతగా ఉన్నవారిలో కొందరికి కేన్సర్ ఉంటుంది.

నెల్సన్ మండేలా జీవితంలో ఈ రెండూ వచ్చాయి. 1985లో ఖైదీగా ఉన్నప్పుడు పెరిగిన ప్రోస్టేట్‌కు కేప్‌టౌన్ ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. అప్పుడు పరామర్శకని వచ్చిన న్యాయశాఖ మంత్రి కోబీ కుట్సియాతో మొదలైన మాటలే ప్రభుత్వంతో తరవాతి చర్చలకు దారితీశాయి. పదహారేళ్ల తరవాత, 2001లో, ఆయనకు ప్రోస్టేట్ కేన్సర్ అని తేలింది. మండేలా దాచలేదు. రేడియేషన్ చికిత్స తీసుకుంటున్నట్లు ప్రపంచానికి తెలిసేలా చేశారు. ఆ తరవాత పన్నెండేళ్లు బతికి, 95వ ఏట కన్నుమూశారు.

ఒక అంకె చుట్టూ ముప్ఫై ఏళ్ల వాదన

పీఎస్‌ఏ అనేది ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్. అందులో కొంత రక్తంలోకి వస్తుంది. మామూలు రక్తపరీక్షలాగే చేతి నరం నుంచి కాస్త రక్తం తీసి దాన్ని కొలుస్తారు. చికిత్స పొందిన రోగుల్లో జబ్బు తిరగబెట్టిందా అని చూడ్డానికి అమెరికా ప్రభుత్వం 1986లో దీన్ని అనుమతించింది, జబ్బును పసిగట్టడానికి వాడొచ్చని 1994లో ఒప్పుకుంది. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే అనుమానించాలన్నది అప్పటినుంచి పాతుకుపోయిన గీత.

ఆ గీత అంత నికార్సయినది కాదు. మామూలు వాపున్నా పీఎస్‌ఏ పెరుగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే మరీ పెరుగుతుంది. మూత్రానికి గొట్టం వేసినా, ముందురోజు వీర్యస్ఖలనం జరిగినా, ఎక్కువదూరం సైకిల్ తొక్కినా కొంత పెరగొచ్చు. 4 నుంచి 10 మధ్య ఉన్నవారికి బయాప్సీ చేస్తే దాదాపు నలుగురిలో ఒకరికే కేన్సర్ కనబడుతుంది. అటువైపు చూస్తే, 4 లోపు ఉన్నంత మాత్రాన భరోసా లేదు. పీఎస్‌ఏ 4 దాటని 2,950 మంది అమెరికన్లకు బయాప్సీ చేస్తే 449 మందిలో కేన్సర్ కణాలు బయటపడ్డాయని 2004లో ఒక అధ్యయనం చూపించింది.

ఇంకో సంగతి చాలామంది రోగులకు తెలీదు. ప్రోస్టేట్ వాపుకని వాడే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడితే పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది. అంటే ఆ మాత్రలు వేసుకునే పెద్దాయన రిపోర్టులో 3 అని ఉంటే దాన్ని 6గా లెక్కవేసుకోవాలి. జుట్టు రాలకుండా ఫినాస్టెరైడ్ వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. పరీక్షకు వెళ్లేటప్పుడు మందుల చీటీ వెంట తీసుకెళ్లమనేది ఇందుకే.

ప్రోస్టేట్‌కే ప్రత్యేకమైన యాంటిజెన్‌ను 1970లో గుర్తించిన శాస్త్రవేత్త రిచర్డ్ ఆబ్లిన్. నలభై ఏళ్ల తరవాత, 2010లో, ఆయనే న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, ఈ పరీక్షను ఆరోగ్యవంతులందరి మీదా ప్రయోగించడం ప్రజారోగ్యానికి చేటు చేసిందని మండిపడ్డారు. 2012లో అమెరికా నిపుణుల సంఘం ఒకటి ఏకంగా ఈ పరీక్ష వద్దంది. 2018లో మెత్తబడి, 55 నుంచి 69 ఏళ్ల మధ్యవారు డాక్టర్‌తో మాట్లాడుకుని ఎవరికి వారు నిర్ణయించుకోవాలని, 70 దాటాక మాత్రం అక్కర్లేదని చెప్పింది.

నిపుణులే ఇలా మాట మారుస్తుంటే మామూలు మనిషి ఎవరిని నమ్మాలి? దీనికి జవాబు యూరప్‌లో సాగిన ఒక భారీ అధ్యయనంలో దొరుకుతుంది. ఎనిమిది దేశాల్లో లక్షా 80 వేలకు పైగా మగవారిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టును పీఎస్‌ఏ పరీక్షకు పిలిచారు, ఇంకో జట్టును పిలవలేదు. 23 ఏళ్లు వెంబడించి 2025లో ఫలితాలు ప్రకటించారు. పిలిచిన జట్టులో ప్రోస్టేట్ కేన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. పరీక్షకు పిలిచిన ప్రతి 456 మందికి ఒక ప్రాణం నిలిచింది. అయితే ఆ ఒక్క ప్రాణం నిలపడానికి అదనంగా 12 మందిలో కేన్సర్ కనిపెట్టాల్సి వచ్చింది. ఆ పన్నెండు మందిలో చాలామంది ఆ జబ్బు ఉందని తెలియకుండానే నిండునూరేళ్లూ బతికేవారు.

కాబట్టి పరీక్ష ప్రాణం కాపాడుతుందన్నది నిజమే, పనిలేని కేన్సర్లనూ తవ్వి తీస్తుందన్నదీ నిజమే. ఈ రెండింటినీ ముందే మనిషికి చెప్పకుండా రక్తం తీయడం అన్యాయం. ప్యాకేజీలో ఉంది కదా అని కళ్లు మూసుకుని చేసే పీఎస్‌ఏ పరీక్షల్లో జరుగుతున్నది అదే.

బ్రిటన్ కూడా 2025 నవంబరులో, దేశంలోని మగవారందరికీ పీఎస్‌ఏ పరీక్ష వద్దని ముసాయిదా సిఫార్సు చేసింది. ఈ కేన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవారికి మాత్రం 45 ఏళ్ల నుంచి రెండేళ్లకోసారి చేయాలంది. మన దేశంలో ముప్ఫై దాటినవారికి ప్రభుత్వం చేసే కేన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లున్నాయి. ప్రోస్టేట్ లేదు.

మరి ఎవరు చేయించుకోవాలి? యాభై అయిదు దాటి, ఇంకా పది పదిహేనేళ్లు ఆరోగ్యంగా బతికే అవకాశమున్న మగవారు డాక్టర్‌తో మాట్లాడి చేయించుకోవడం మంచిది. తండ్రికో అన్నదమ్ములకో ఈ కేన్సర్ ఉంటే ముప్పు రెట్టింపవుతుంది, వాళ్లు నలభై అయిదుకే మొదలుపెట్టాలి. ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన స్కాట్లాండ్ సైక్లిస్టు క్రిస్ హోయ్‌కి భుజం నొప్పితో మొదలైంది. స్కాన్ చేస్తే కేన్సర్ అని, దాని పుట్టిల్లు ప్రోస్టేట్ అని, అప్పటికే ఎముకలకు చేరిందని తేలింది. అప్పుడాయన వయసు 47. తాతకూ తండ్రికీ అదే జబ్బు. కుటుంబంలో చరిత్ర ఉన్నవారికి పరీక్షలు ముందే మొదలవ్వాలని 2024 నుంచి ఆయన ఊరూవాడా చెబుతున్నారు.

సూది గుచ్చితే పాకుతుందా?

పీఎస్‌ఏ ఎక్కువొస్తే చేయాల్సిన మొదటి పని కంగారు మానడం. రెండో పని, ఇన్ఫెక్షనేమీ లేదని చూసుకుని, కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించడం. చాలామందికి ఆ రెండోసారి అంకె దిగొస్తుంది. దిగకపోతే ఎమ్మారై.

ఈ రంగంలో గత పదేళ్లలో వచ్చిన అతి పెద్ద మార్పు ఈ ఎమ్మారైయే. ఇదివరకు పీఎస్‌ఏ పెరిగిందంటే నేరుగా సూదులు గుచ్చి, గ్రంథిలో పది పన్నెండు చోట్ల ముక్కలు తీసేవారు. గుడ్డిగా తీయడమే. ముందు ఎమ్మారై తీస్తే నాలుగింట ఒక వంతు మందికి పైగా బయాప్సీ బాధ తప్పుతుందని బ్రిటన్‌లో 2017లో వచ్చిన ప్రోమిస్ అధ్యయనం లెక్కగట్టింది. ఎమ్మారైలో అనుమానం ఉన్నచోటే ముక్క తీస్తే, పనిలేని చిన్న కేన్సర్లు బయటపడటం సగానికి తగ్గుతుందని స్వీడన్‌లోని గోటెబోరి పరిశోధకులు 2022లో నిరూపించారు. ఎమ్మారై రిపోర్టులో 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. ఒకటి, రెండు వస్తే చాలామందిలో బయాప్సీ వాయిదా వేయొచ్చు. నాలుగు, అయిదు వస్తే బయాప్సీ తప్పదు.

ఇక్కడే తెలుగు కుటుంబాల్లో ఒక పాత భయం అడ్డొస్తుంది. ‘సూది గుచ్చితే కేన్సర్ ఒళ్లంతా పాకుతుంది’ అని. ఆ భయంతోనే ఎందరో బయాప్సీకి ఒప్పుకోక విలువైన నెలలు పోగొట్టుకుంటున్నారు. ప్రోస్టేట్ బయాప్సీ వల్ల కేన్సర్ పాకడమన్నది అత్యంత అరుదు. బయాప్సీతో నిజంగా ఉన్న ఇబ్బంది ఇన్ఫెక్షన్. మలద్వారం గుండా కాకుండా వృషణాల వెనక చర్మం గుండా సూది వేసే పద్ధతిలో ఆ ముప్పూ బాగా తగ్గింది. ఏ పద్ధతిలో చేస్తారని డాక్టర్‌ని ముందే అడగొచ్చు.

చూస్తూ ఉండటమూ వైద్యమే

బయాప్సీ రిపోర్టులో మొట్టమొదట వెతకాల్సింది గ్లీసన్ స్కోరు. మినియాపొలిస్ సైనికుల ఆసుపత్రిలో పాథాలజిస్టుగా పనిచేసిన డొనాల్డ్ గ్లీసన్ 1960ల్లో రూపొందించిన ఈ కొలత ఇప్పటికీ నిలిచే ఉంది. ఇప్పుడది ఆచరణలో 6తో మొదలై 10తో ముగుస్తుంది. 6 అంటే నిదానంగా ఉండేది. 9, 10 అంటే ఉరకలేసేది. 2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కి బయటపడినప్పుడు స్కోరు 9, అప్పటికే ఎముకలకు చేరింది. చివరిసారి ఆయనకు పీఎస్‌ఏ చేసినట్లు తెలిసింది 2014లోనని ఆయన కార్యాలయం చెప్పింది.

స్కోరు 6 వస్తే? అత్యధికులకు వెంటనే ఏమీ చేయనక్కర్లేదు. ఈ మాట వినగానే ఇంటిల్లిపాదీ తిరగబడతారు. ‘ఒంట్లో కేన్సర్ పెట్టుకుని కూర్చోమంటారా!’ అంటారు. వాళ్ల ఆందోళన సహజమే. కానీ బ్రిటన్‌లో సాగిన ప్రొటెక్ట్ అధ్యయనం ఏం చెప్పిందో వినాలి. తొలిదశ కేన్సర్ ఉన్న 1,643 మందిని మూడు జట్లు చేసి, ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్ ఇచ్చారు. మూడో జట్టును పరీక్షలతో కనిపెట్టుకుని ఉన్నారు. పదిహేనేళ్ల తరవాత చూస్తే ప్రోస్టేట్ కేన్సర్‌తో చనిపోయినవారు ఆపరేషన్ జట్టులో 2.2 శాతం, రేడియేషన్ జట్టులో 2.9, కనిపెట్టుకుని ఉన్న జట్టులో 3.1. తేడా లేనట్టే. ఆ పదిహేనేళ్లలో మొత్తం 356 మంది చనిపోతే, వారిలో ప్రోస్టేట్ కేన్సర్ వల్ల పోయినవారు 45 మందే. మిగతావారిని వేరే కారణాలు తీసుకెళ్లాయి.

దాచకుండా చెప్పాల్సింది ఇంకోటుంది. ఊరికే కనిపెట్టుకుని ఉన్నవారిలో కేన్సర్ వేరే చోటికి పాకడం 9.4 శాతం. మిగతా రెండు జట్లలో అది సుమారు 5 శాతమే. పదిహేనేళ్లలో ఆ జట్టువారిలో సుమారు 60 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు చికిత్సకు వెళ్లారు. నాలుగోవంతు మంది ఏ చికిత్సా లేకుండానే ఆ పదిహేనేళ్లూ దాటి బతికున్నారు. అంటే ఇది రోగాన్ని గాలికి వదిలేయడం కాదు. మూడు నుంచి ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, అవసరాన్ని బట్టి ఎమ్మారై, మధ్యలో మళ్లీ బయాప్సీ ఉంటాయి. జబ్బు కదిలిందనిపిస్తే అప్పుడు చికిత్స. పరీక్షలకు క్రమం తప్పకుండా రాగలిగినవారికే ఇది పనికొస్తుంది. ఏడాదికోసారి కూడా ఆసుపత్రి మొహం చూడలేని మారుమూల ఊరి మనిషికి ఇదే సలహా ఇస్తే ప్రమాదం.

కత్తెర, కిరణం

స్కోరు 7, ఆపైన వచ్చి కేన్సర్ గ్రంథి దాటకుండా ఉంటే ఆపరేషనో రేడియేషనో ఎంచుకోవాలి. సరిగ్గా ఎంచుకున్న రోగుల్లో రెండింటి ఫలితమూ ఇంచుమించు సమానం. వేరయ్యేది ఆ తరవాతి బతుకు.

గ్రంథిని తీసేసే ఆపరేషన్ అంటే ఒకప్పుడు మగవాళ్లకు లైంగిక జీవితం ముగిసినట్టే. ఎందుకలా అవుతోందో ఎవరికీ అర్థం కాలేదు. జాన్స్ హాప్కిన్స్ సర్జన్ పాట్రిక్ వాల్ష్ 1981లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ వెళ్లినప్పుడు, అక్కడి వృద్ధ వైద్యుడు పీటర్ డోంకర్‌తో కలిసి ఒక మృతశిశువు దేహంలో ఆ నరాల దారిని వెతికారు. అంగస్తంభనకు కారణమైన నరాలు గ్రంథి లోపల్నుంచి కాదు, దాని అంచును ఒరుసుకుంటూ బయట పోతున్నాయని తేలింది. అయితే వాటిని కాపాడొచ్చు! 1982 ఏప్రిల్ 26న వాల్ష్ ఆ నరాలను వదిలిపెడుతూ మొదటి ఆపరేషన్ చేశారు. ప్రోస్టేట్ శస్త్రచికిత్సలో ఆ రోజు నుంచి కొత్త కాలం మొదలైంది.

హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద హోర్డింగుల్లో కనిపించే రోబో ఆపరేషన్ ఆ కత్తెరకు మరింత చూపు, మరింత నిలకడ ఇచ్చింది. రక్తం పోవడం తగ్గింది, రోగి త్వరగా ఇంటికెళుతున్నాడు. అయితే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 326 మందిని రెండేళ్లు గమనిస్తే మూత్రం మీద పట్టులోనూ, లైంగిక సామర్థ్యంలోనూ మామూలు ఆపరేషన్‌కీ రోబోకీ తేడా కనబడలేదు. అప్పులు చేసి మరీ రోబో కోసం పరుగెత్తే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి. యంత్రం కంటే దాన్ని నడిపే చేతికి ఎంత అనుభవముందన్నది ముఖ్యం. ‘మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? చేసిన వారిలో ఎంతమందికి మూత్రం అదుపులో ఉంది?’ అని సర్జన్‌ని అడగడంలో తప్పేమీ లేదు. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఆపరేషన్ తరవాత మూత్రం కారడం కొన్నాళ్లు దాదాపు అందరికీ ఉంటుంది. ప్రొటెక్ట్ అధ్యయనంలో ఆరేళ్ల తరవాత కూడా ఆపరేషన్ అయినవారిలో 17 శాతం మంది ప్యాడ్లు వాడుతున్నారు. రేడియేషన్ తీసుకున్నవారిలో 4 శాతం మందే. కటి అడుగుభాగపు కండరాలకు చేసే కీగెల్ వ్యాయామాన్ని ఆపరేషన్‌కు ముందే నేర్పితే కోలుకోవడం సులువవుతుంది. రేడియేషన్‌తో వచ్చే చిక్కులు వేరు. మలంలో రక్తం, విరేచనాలు, మూత్రంలో మంట కనిపించొచ్చు. లైంగిక సామర్థ్యం వెంటనే కాక, క్రమంగా తగ్గుతుంది.

రేడియేషన్ రోజులు తగ్గడం పేదరోగికి దక్కిన గొప్ప మేలు. ఒకప్పుడు ఏడెనిమిది వారాల పాటు 37సార్లు ఇచ్చేదాన్ని 20సార్లలో ముగించినా ఫలితం తగ్గదని 2016లో బ్రిటన్ వైద్యులు మూడువేల మందికి పైగా రోగుల్లో చూపించారు. తక్కువ, మధ్యస్థ ముప్పు ఉన్న కొందరికి అయిదుసార్లతోనే సరిపోతుందని 2024లో మరో అధ్యయనం తేల్చింది. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి, నగరంలో లాడ్జి గది అద్దె కట్టుకుంటూ, తోడుగా వచ్చిన కొడుకు కూలి పోగొట్టుకుంటూ ఉండే కుటుంబానికి ఒక్కో వారం తగ్గడమంటే ఎంతో చెప్పక్కర్లేదు. రేడియేషన్ మూలకాన్ని నేరుగా గ్రంథిలోకే పంపే బ్రాకీథెరపీ మరో దారి. కర్నూలు వైద్య కళాశాలలో చదివి న్యూయార్క్‌లో స్థిరపడిన మన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు ప్రపంచంలో పేరు తెచ్చుకున్నది ఈ బ్రాకీథెరపీలోనే.

పాకిపోయాక కూడా

ఎముకలకు పాకిందంటే అంతా అయిపోయిందనుకుంటారు. మిత్తెరాన్‌ని మళ్లీ గుర్తుచేసుకోవాలి. 1981లోనే ఎముకలకు పాకిన కేన్సర్‌తో ఆయన పద్నాలుగేళ్లు దేశాన్ని ఏలి, పదవి దిగాక 1996 జనవరిలో పోయారు. అందరికీ అంత అదృష్టం ఉండదు. కానీ ఈ కేన్సర్‌కి ఒక బలహీనత ఉంది. దాని తిండి మగ హార్మోన్ టెస్టోస్టిరాన్. ఆ తిండి ఆపేస్తే కేన్సర్ కుంచించుకుపోతుందని షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగ్గిన్స్ 1941లో కనిపెట్టారు. దానికి 1966లో నోబెల్ వచ్చింది. నేటికీ ముదిరిన ప్రోస్టేట్ కేన్సర్ వైద్యానికి పునాది అదే.

తిండి ఆపడానికి రెండు మార్గాలు. నెలకో మూడు నెలలకో ఒక ఇంజక్షన్ జీవితాంతం తీసుకోవడం, లేదా చిన్న ఆపరేషన్‌తో వృషణాలు తీసేయడం. రోగాన్ని అదుపు చేయడంలో రెండూ సమానమే. ఆపరేషన్ ఖర్చు తక్కువ, ఒక్కసారితో అయిపోతుంది. అయినా ‘మగతనం పోతుంది’ అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇంజక్షన్ మొదలుపెట్టి, ఖర్చు భరించలేక మధ్యలో మానేస్తారు. మానేస్తే హార్మోన్ తిరిగొస్తుంది, కేన్సరూ తిరగబడుతుంది. ఇంజక్షన్ వల్లా లైంగికేచ్ఛ పోతుంది కదా అన్న సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు. ఎంచుకోవాల్సింది రోగే, కానీ అన్నీ తెలిసి ఎంచుకోవాలి.

పైగా ఇప్పుడు అబిరాటెరోన్ లాంటి మాత్రలున్నాయి. హార్మోన్ చికిత్సతో పాటు మొదట్నుంచే అబిరాటెరోన్ ఇస్తే మరణ ముప్పు మూడోవంతుకు పైగా తగ్గుతుందని 2017లో రెండు పెద్ద అధ్యయనాలు చెప్పాయి. దేశీయ కంపెనీల జనరిక్‌ల వల్ల మన దగ్గర ఇది కాస్త అందుబాటులోకొచ్చింది. పరగడుపున రోజుకు నాలుగు మాత్రలు వేసుకోవాల్సిన ఈ మందును, ఆహారంతో పాటు ఒకే మాత్రగా ఇచ్చినా పీఎస్‌ఏ అంతే తగ్గిందని షికాగో వైద్యులు 72 మంది మీద చేసిన అధ్యయనంలో 2018లో చూపారు. పేదరోగుల కోసం మన దేశంలో పలువురు కేన్సర్ వైద్యులు ఆ దారి పడుతున్నారు. ఇది డాక్టర్ చెబితేనే చేయాల్సింది, సొంతంగా మాత్రలు తగ్గించుకోవడం మహా ప్రమాదం.

హార్మోన్ తగ్గితే ఒళ్లు ఆవిర్లు, ఎముకల బలహీనత, కండ కరిగి పొట్ట రావడం, షుగర్, దిగులు... ఇవన్నీ రావొచ్చు. రోజూ నడక, బరువులతో వ్యాయామం, కాల్షియం, డి విటమిన్, గుండె పరీక్షలు చికిత్సలో భాగం. దిగులును కూడా డాక్టర్‌కి చెప్పాలి, దానికీ మందుంది. వయసు మళ్లినవాడివి కదా, నీకెందుకు అని రోగి లైంగిక సమస్యను కొట్టిపారేసే వైద్యులున్నారు. అది తప్పు. ఆ మాట అడగడానికే ఆ మనిషి ఎంత ధైర్యం కూడగట్టుకుని ఉంటాడో ఆలోచించాలి.

ఒక ప్రమాద సూచన మాత్రం ఇంటిల్లిపాదికీ తెలిసుండాలి. ప్రోస్టేట్ కేన్సర్ ఉన్న మనిషికి వెన్నునొప్పి ఎక్కువై, కాళ్లలో తిమ్మిరో బలహీనతో మొదలైతే, మూత్రం ఆగిపోతే, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వెన్నుపాము నలుగుతోందన్నమాట. గంటల తేడాతో కాళ్లు దక్కుతాయి, లేదా శాశ్వతంగా పోతాయి.

ఆసుపత్రి మెట్లెక్కేముందు

కేన్సర్ రాకుండా చేసే మాత్ర ఏదీ లేదు. విటమిన్-ఇ, సెలీనియం పనికొస్తాయేమోనని అమెరికా, కెనడాల్లో 35 వేల మందిపై పరీక్షించారు. విటమిన్-ఇ ఒక్కటే తీసుకున్నవారిలో ప్రోస్టేట్ కేన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది! సిగరెట్ మానడం, ఒళ్లు పెరగకుండా చూసుకోవడం మాత్రం ఎవరికైనా మేలే. పొగతాగేవారిలో, ఊబకాయుల్లో ఈ కేన్సర్‌తో చనిపోయే ముప్పు ఎక్కువ.

డబ్బు భయంతో ఆగిపోనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాల కింద కేన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్, కీమోథెరపీ అందుతున్నాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి, తిరుపతి స్విమ్స్ పేదలకు అందుబాటులో ఉన్నాయి. తొలిదశ కేన్సర్‌కి ఆపరేషన్ చేయించుకోమన్న వారంలోనే సంతకం పెట్టాల్సిన తొందర లేదు. బయాప్సీ రిపోర్టు, స్లైడ్లు, ఎమ్మారై ఫిల్ములు తీసుకుని మరో యూరాలజిస్టునీ, ఒక రేడియేషన్ వైద్యుణ్నీ కలవండి. సర్జన్ ఆపరేషన్ వైపు, రేడియేషన్ వైద్యుడు కిరణం వైపు మొగ్గడం మామూలే. ఇద్దరి మాటా విన్నాకే నిర్ణయం తీసుకోండి.

2003లో మెల్‌బోర్న్‌లో ముప్ఫై మంది మిత్రులు నవంబరు నెలంతా మీసాలు పెంచారు. అది తరవాత మగవారి ఆరోగ్యం కోసం విరాళాలు సేకరించే మోవెంబర్ ఉద్యమంగా ప్రపంచమంతా పాకింది. మీసం మీద చెయ్యేసి మగతనం చాటుకునే అలవాటున్న మన ఊళ్లకు దానంత దగ్గరి గుర్తు ఇంకోటి ఉండదు. మీసం మెలేసినంత తేలిగ్గా ఒంటి బాధ చెప్పుకోగలగాలి, అంతే.

అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటూ ఈ వ్యాసం చదువుతున్న కొడుకులకు ఒక విన్నపం. ఈ వారం ఫోన్ చేసినప్పుడు నాన్నగారిని రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో అడగండి. ఎప్పుడైనా పీఎస్‌ఏ చేయించారా, ఎంతొచ్చింది, ఏ మాత్రలు వాడుతున్నారు అని అడిగి రాసిపెట్టుకోండి. పెదనాన్న, బాబాయి, మేనమామల్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా, అమ్మకో అక్కకో మేనత్తకో రొమ్ము కేన్సర్, అండాశయ కేన్సర్ ఉందా అన్నది కూడా తెలుసుకోండి. బీఆర్‌సీఏ2 జన్యుమార్పు ఆడవారికి ఆ కేన్సర్ల ముప్పునూ, మగవారికి దూకుడైన ప్రోస్టేట్ కేన్సర్ ముప్పునూ మోసుకొస్తుంది. ఆ వివరాలు నాన్నగారి డాక్టర్‌కి ఎంత అవసరమో, నలభై అయిదు దాటాక మీ డాక్టర్‌కీ అంతే అవసరం.